ఇంటిపేరు పట్టుకుని పూర్వీకులను వెతికే ముందు

వేసవి సెలవుల్లో సొంత ఊరు వెళ్లి తాతముత్తాతల వివరాలు సేకరించబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

– ఇంటిపేరు కలిసిందని వంశవృక్షంలో చేర్చేయకండి. ఊరి పేరే ఇంటిపేరైనవాళ్లు ఎన్నో కులాల్లో ఉంటారు. తండ్రి పేరు, ఊరు, గోత్రం కూడా కలవాలి. తప్పు కొమ్మ పట్టుకుంటే ఏళ్ల శ్రమ వృథా.

– ఇంగ్లిషు అక్షరక్రమాలన్నీ రాసుకోండి. చుండూరు ‘సీహెచ్’తోనూ మొదలవుతుంది, ‘టీఎస్’తోనూ. ఊకారానికి ఒకచోట ‘యూ’, మరోచోట రెండు ‘ఓ’లు. మా ముత్తాత ఇంటిపేరు ఒకే దస్తావేజులో రెండు రకాలుగా ఉంది!

– 1860 నుంచి దక్షిణాఫ్రికా వెళ్లిన కూలీల జాబితాల్లో ఇంటిపేరు తరచూ కనిపించదు. తండ్రి పేరు, ఊరు పట్టుకుని వెతకండి.

– కాగితంలో ఉన్నది ఉన్నట్టే రాసుకోండి. దిద్దిన పేరుతో మళ్లీ వెతికితే అది దొరకదు.