చలికాలానికి దోసకాయ జార్లు, 3వ పాఠం: పులుపు, సీసా, మూత

రాత్రి ఉప్పునీళ్లలో వేసిన 4 పౌండ్ల కాయలు ఈపాటికి 12 గంటలు నానుంటాయి, నీళ్లు వంపేసి జల్లెడలో వేసి పెట్టండి. పూత వైపు కొస కోయమని పోయిన పాఠంలో చెప్పాను, కోయనివాళ్లు ఇప్పుడైనా కోయండి, కాయని మెత్తబరిచే ఎంజైములు ఉండేది అక్కడే. ఏది పూత వైపో తెలీకపోతే రెండు వైపులా కోసేయండి, పోయేదేం లేదు.

ఇక పాకం. 5 శాతం అని సీసా మీద రాసున్న వెనిగర్ 3 కప్పులు, నీళ్లు 4 కప్పులు, కానింగ్ సాల్ట్ (అయొడిన్ లాంటివేమీ కలపని ఉప్పు) పావు కప్పు, పంచదార 2 పెద్ద చెంచాలు, పిక్లింగ్ మసాలా (ఇలాంటి ఊరగాయలకి కలిపి అమ్మే దినుసులు) ఒక పెద్ద చెంచా పల్చటి గుడ్డలో మూట కట్టి, అన్నీ కలిపి మరిగించాలి. మామూలు అయొడైజ్డ్ ఉప్పు వద్దు, కాయ నల్లబడుతుంది, నీళ్లు మసకబారతాయి.

ఇక్కడ మన చెయ్యి ఊరుకోదు. ఆవకాయకి మా అమ్మ అంతా అందాజుగానే వేస్తుంది, ఉప్పు తగ్గితే మూడోనాడు తిరగకలిపేటప్పుడు వేస్తుంది, దానికి పోయేదేం లేదు, తడి తగలనివ్వం కాబట్టి ఉప్పూ నూనే కాపాడతాయి. ఈ కాయలేమో నీళ్లలో మునిగి, గాలి చొరని సీసాలో నెలల తరబడి ఉంటాయి, బొటులిజం (ప్రాణం మీదికి తెచ్చే ఆహార విషం) క్రిమికి అంతకంటే ఏం కావాలి? దాన్ని ఆపేది పులుపే, పీహెచ్ 4.6 దాటకూడదు (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). నిరుడు అమ్మ ఒహాయో వచ్చినప్పుడు రుచి చూసి, "ఇంత పులుపేంటే, ఇంకో రెండు గ్లాసుల నీళ్లు పొయ్యి" అంది. పొయ్యలేదు. పులుపు మరీ ఎక్కువనిపిస్తే ఇంకో చెంచా పంచదార వేసుకోండి, వెనిగర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. పైన నూనె కూడా పొయ్యొద్దు.

వేడి పింటు జార్ (దాదాపు అర లీటరుది) ఒక్కోదాంట్లో చిన్న చెంచాడు ఆవాలు, గింజ కట్టిన సోయకూర (డిల్) గుత్తి ఒకటిన్నర, కాయలు నిలువుగా కుక్కి, మరిగే పాకం పోసి పైన అరంగుళం ఖాళీ వదలండి. చాప్‌స్టిక్ పక్కలంట తిప్పి బుడగలు పోగొట్టి, తడిగుడ్డతో అంచు తుడవండి. ఈ తుడవడం మానేసే నేను పోయినేడాది ఒక జార్ పోగొట్టుకున్నాను, మూత ఎందుకు బిగియలేదా అని తీసి చూస్తే అంచు మీద ఒకే ఒక్క ఆవగింజ. మూత పెట్టి రింగు వేలికొసలతో తిప్పండి చాలు, బలమంతా పెట్టొద్దు, లోపలి గాలి బయటికి పోవాలి.

అడుగున స్టాండు వేసిన పెద్ద గిన్నెలో, మూతల మీద అంగుళం నీళ్లు ఉండేలా దించి, తెర్లడం మొదలయ్యాక 10 నిమిషాలు. మాకు ఎత్తు 1000 అడుగుల లోపే కాబట్టి ఆ లెక్క. డెన్వర్‌లో ఉన్నవాళ్లకి 15, అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి.

తీసి తువాలు మీద ఎడంగా పెట్టి 12 నుంచి 24 గంటలు కదపొద్దు. ఒక్కో మూతా టిక్కుమంటుంది. మర్నాడు మధ్యలో నొక్కండి, లోపలికి అతుక్కుని ఉంటే తేదీ రాసి చీకటి అల్మారాలో పెట్టి, 3, 4 వారాలైనా ఆగండి. నొక్కితే టపటపలాడేది ఫ్రిజ్‌లోకి. దాన్ని ఈ వారమే తెరిచి పెరుగన్నంలో నంజుకోవచ్చు, మా ఇంట్లో పిల్లలు అలాంటిది ఒకటైనా రావాలనే కోరుకుంటారు.