దసరా సెలవులయ్యాక టీచర్లకు రాగి, చెనక్కాయ బిస్కెట్లు ఎలా చేయాలి?

సెప్టెంబర్ 5న టీచర్ల టేబుళ్ల మీద పెన్నులు, చాక్లెట్లు ఎలాగూ గుట్టలు పడతాయి. రాధాకృష్ణన్ గారు మనకు పరాయివారేం కాదు, ఆయన పుట్టిన తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది, చిన్నప్పుడు కొన్నాళ్లు తిరుపతిలో చదువుకున్నారు కూడా. అయినా ఆ రోజు మా పిల్లల్ని నమస్కారం పెట్టి రమ్మంటామంతే. బిస్కెట్ల డబ్బా వెళ్లేది దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజున. అప్పటికి కొత్త చెనక్కాయలు రావడం మొదలవుతుంది, ఒలవడానికి ఇంట్లో చేతులూ ఖాళీగా ఉంటాయి.

ముప్పై బిస్కెట్ల దాకా రావాలంటే రాగిపిండి, గోధుమపిండి 120 గ్రాముల చొప్పున, బెల్లం పొడి 130, నెయ్యి 120 గ్రాములు, చెనక్కాయ గింజలు అర కప్పు, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, రెండు ఏలకులు, చిటికెడు ఉప్పు తీసుకోండి.

కొత్త కాయల్లో తేమ ఉంటుంది. ఒలిచిన గింజల్ని ముందు ఒకట్రెండు రోజులు మిద్దె మీద ఎండబెట్టి, సన్న సెగ మీద వేయించి, పొట్టు ఊదే పని పిల్లలకు అప్పగించండి (ఇల్లంతా పొట్టే, అది వేరే సంగతి). మిక్సీని ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. రాగిపిండిని ఐదు నిమిషాలు వేయించి పూర్తిగా చల్లారనివ్వండి, లేదంటే నెయ్యి కరిగి పిండి జారుతుంది. బెల్లం జల్లించాల్సిందే, ఉండలు మిగిలితే అక్కడక్కడ మాడుతుంది.

పేరిన నెయ్యి, బెల్లం బాగా కలిపి, మిగతావన్నీ వేసి, ముద్ద కట్టేదాకా చెంచా చెంచాగా పాలు చిలకరించండి. చపాతీ పిండిలా పిసికితే బిస్కెట్లు గట్టిపడతాయి. చిన్న ఉండలు చేసి ఫోర్కుతో నొక్కండి.

ఓవెన్ ముందే వేడి చేసి 170 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు. ఓవెన్ లేకపోతే కుక్కరే చాలు, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి పది నిమిషాలు వేడెక్కాక ప్లేటు దించి సన్న సెగ మీద 20-25 నిమిషాలు ఉంచాలి. రాగి రంగే ముదురు కాబట్టి రంగు చూసి చెప్పలేం, కమ్మటి వాసన వచ్చి అంచులు బిగుసుకుంటే దించేయండి. నడుమ మెత్తగా ఉన్నా కంగారు పడొద్దు, చల్లారితే కరకరలాడతాయి.

మొదటి ఏడాది నేను తొందరపడి వేడి మీదే డబ్బాలో సర్దాను, ఆవిరి పట్టి తెల్లారేసరికి అన్నీ మెత్తబడ్డాయి. ఆ రోజు మా వాడు వట్టి చేతులతో బడికెళ్లాడు. గంటన్నర ఆరనివ్వండి.

చెనక్కాయలు పడనివాళ్లు ఉంటారు, డబ్బా మీద ఏమేం వేశామో పిల్లల చేత రాయించండి. బెల్లమే కదా అని షుగర్ ఉన్న సార్‌కు ఇవ్వొద్దు, అది కూడా షుగర్ పెంచేదే. మా లెక్కల సార్‌కు ఉప్పు వేసి వేయించిన గింజలు విడిగా పొట్లం కట్టి పంపిస్తాం, ఇప్పుడు మిగతా సార్లూ అదే అడుగుతున్నారు.