చెయ్యి విడిపించుకుని జనంలోకి పరుగెత్తడం ఎలా

విజయవాడలో ఆడపిల్లలకి కరాటే నేర్పుతాను. కాలేజీల నుంచి, బట్టల షాపుల్లో డ్యూటీల నుంచి సరాసరి క్లాసుకొస్తారు. వాళ్ల అమ్మలు నన్ను అడిగేది ఒకటే: "మేడమ్, బ్లాక్ బెల్టు వచ్చేదాకా ఆగాలా? రేపు బస్టాండ్ దగ్గర ఎవడన్నా చెయ్యి పట్టుకుంటే ఎట్లా?" ఆగక్కర్లేదమ్మా. బెల్టుకి ఏళ్లు పడుతుంది. చెయ్యి విడిపించుకుని పారిపోవడం రోజూ చేస్తే కొన్ని వారాల్లో వచ్చేస్తుంది.

ముందు దూరం చూసుకోండి. అడ్రస్ అడిగే వంకతో ఎవరైనా మరీ మీదకి వస్తుంటే ఒక కాలు వెనక్కి వేసి, రెండు అరచేతులూ ఛాతీ ఎత్తులో ముందుకు పెట్టి "అక్కడే ఆగండి" అని గట్టిగా అనండి. చూసేవాళ్లకి మీరు గొడవ వద్దంటున్నట్టే ఉంటుంది. మీ చేతులు మాత్రం మొహాన్ని కాచుకోవడానికి అప్పటికే లేచి ఉంటాయి. పిడికిళ్లు బిగిస్తే ఎదుటివాడు ఇంకా రెచ్చిపోతాడు.

తర్వాత గొంతు. కరాటేలో దెబ్బ వేసేటప్పుడు 'కియాయ్' అని అరుస్తాం. భయంతో బిగపట్టిన ఊపిరి ఆ అరుపుతో బయటికొస్తుంది, ఒళ్లు కదులుతుంది. మన ఇళ్లలో ఆడపిల్లని గట్టిగా మాట్లాడొద్దని పెంచుతాం కదా, అందుకే నా దగ్గర మొదటి పాఠం అరవడమే. సిగ్గుతో నవ్వేస్తారు. ఆ నవ్వు పోయేదాకా అరిపిస్తాను. "చెయ్యి తియ్!" అంతే, రెండే మాటలు. ఆ వెంటనే చుట్టుపక్కల ఒకరిని చూపించి పిలవండి: "నీలం చొక్కా అన్నా, ఇటు రండి, వీడెవడో నాకు తెలీదు!" ఆ చివరి ముక్క తప్పకుండా అనాలి. లేకపోతే మొగుడూ పెళ్లాల గొడవేమో అనుకుని జనం తప్పుకుపోతారు.

ఇక పట్టు. మణికట్టు పట్టుకున్నప్పుడు అందరూ వెనక్కి గుంజుకుంటారు. బలమైనవాడి ముందు అది పనిచేయదు. వాడి బొటనవేలి కొసా మిగతా వేళ్ల కొసలూ ఎదురయ్యే చోట సందు ఉంటుంది, పట్టు బలహీనంగా ఉండేది అక్కడే. మీ మణికట్టుని తిప్పి దాని సన్నటి అంచు ఆ సందుకి ఎదురుగా వచ్చేలా చూడండి. ఇప్పుడు వెనక్కి పోకుండా ఒక అడుగు వాడివైపే వేసి, మోచెయ్యి మడిచి వాడి ముంజేతి మీదకి తోస్తూ, మీ చేతిని మీ భుజం వైపు విసురుగా లాగండి. సందులోంచి జారి వచ్చేస్తుంది. వాడు రెండు చేతులతో పట్టుకుంటే మీ రెండో చేత్తో మీ పిడికిలినే పట్టుకుని అదే పని చేయండి.

వెనక నుంచి జడ పట్టుకుంటే, వాడి చేతిని మీ రెండు చేతులతో తలకే అదిమిపట్టండి. నొప్పి తగ్గుతుంది. అప్పుడు వాడివైపు తిరిగి మోకాలి కింద ఎముక మీద తన్నండి. ముందు నుంచి గొంతు పట్టుకుంటే గడ్డం కిందికి వంచి, ఒక చెయ్యి నిటారుగా పైకెత్తి, నడుముతో సహా ఒక్కసారిగా పక్కకి తిరగండి. మీ భుజం తగిలి వాడి మణికట్లు విడిపోతాయి.

కొట్టాల్సి వస్తే పిడికిలి వద్దు. అలవాటు లేని పిడికిలి తల ఎముకకి తగిలితే చిటికెన వేలి వెనక ఎముక విరగొచ్చు. అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గర గట్టిగా ఉండే అరచేతి భాగంతో, గడ్డం కిందో ముక్కు మీదో పైకి కొట్టండి. బాగా దగ్గరగా ఉంటే మోకాలితో కాళ్ల మధ్య కొట్టండి. పోటీల్లో తల ఎత్తున వేసే కిక్కులు నాకూ ఇష్టమే కానీ చీరలో, తడి రోడ్డు మీద అవి వద్దు.

చున్నీ మెడకి చుట్టుకోకండి, లాగితే వదిలేయండి. బైకు మీద వచ్చి గొలుసు లాగేవాడితో పెనుగులాడితే రోడ్డు మీద ఈడ్చుకుపోతాడు. కత్తి కనిపిస్తే పర్సు ఒక పక్కకి విసిరి రెండో పక్కకి పరుగెత్తండి. కత్తిని ఒట్టి చేతులతో లాక్కోవడం నేర్పుతామనేవాళ్లని దయచేసి నమ్మకండి.

చట్టం సంగతి కూడా అడుగుతుంటారు. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే ఆ హక్కు. వాడు పడిపోయి మీకు దారి దొరికాక ఇంకా కొడుతుంటే అది ఆత్మరక్షణ కిందికి రాదు. సురక్షితమైన చోటికి చేరగానే 112కి ఫోన్ చేయండి.

ప్రాక్టీసు ఇంట్లోనే, రోజూ వేసుకునే బట్టల్లో, చెప్పులతో, భుజాన బ్యాగుతో చేయండి. అన్నయ్యనో నాన్ననో మొదట వదులుగా పట్టుకోమనండి. కదలిక కుదిరాక రోజురోజుకీ పట్టు గట్టి చేయమనండి. "చాలు" అనగానే వదిలేయాలని ముందే అనుకోండి. రెండు చేతులకీ పదేసి సార్లు చేయండి. విడిపించుకున్న ప్రతిసారీ పది అడుగులు పరుగెత్తండి. అక్కడే నిలబడిపోతే ఒంటికి నిలబడటమే అలవాటవుతుంది.