చిన్న షెడ్డే కదా అని పునాది తవ్వేముందు

మోటారు గదో, పశువుల కొట్టమో, బస్తాలు పెట్టుకునే షెడ్డో కట్టాలనుకున్నప్పుడు ఎవరైనా అనే మాట ఒకటే: "దానికెంత బరువుంటుంది, రెండడుగులు తవ్వి రాళ్లు పేర్చేస్తే చాలు." గట్టి మొరం నేలలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. నల్లరేగడిలో చెల్లదు, పైగా తిరగబడుతుంది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, ఉబ్బేటప్పుడు తన మీదున్న దాన్ని పైకి ఎత్తుతుంది. పెద్ద ఇల్లయితే తన బరువుతో ఆ ఉబ్బును కొంతైనా అణిచిపెడుతుంది, రేకుల షెడ్డుకి అంత బరువు ఎక్కడిది? కాబట్టి రేగడిలో కట్టేది ఎంత తేలికైతే అంత ఎక్కువ జాగ్రత్త కావాలి.

మా మేత గది తలుపు వానాకాలంలో పై మూల పట్టేసేది, ఎండలు ముదిరేసరికి మళ్లీ మామూలుగా పడేది. చెక్క ఉబ్బిందనుకుని రెండుసార్లు చిత్రిక పట్టించాం. మూడో ఏడు గుమ్మం మూల నుంచి గోడ మీద మెట్లు మెట్లుగా పగులు లేచాక గానీ, కదులుతున్నది తలుపు కాదు, కింద నేల అని తెలియలేదు.

అందుకే పార పట్టకముందే స్థలం చుట్టూ ఒకసారి తిరగండి. ఎండాకాలంలో నేల నెర్రెలు విచ్చి ఉంటే సన్నటి పుల్ల దించి ఎంత లోతు పోతుందో చూడండి, మూరెడు దిగిందంటే అది ఉబ్బే మట్టేనని అనుమానించాలి. తుంగ మొలిచిన చోట నీరు నిలుస్తుంది. పైన తెల్లగా పొరలా ఉప్పు తేలితే చవుడు, అలాంటి నేల కాంక్రీటునీ లోపలి ఇనుప కడ్డీలనీ తినేస్తుంది. అన్నిటికంటే మోసం చేసేది పూడ్చిన నేల. పాత బావి, పెంట గొయ్యి, మట్టి తీసుకెళ్లిన గుంట, ఇవి పైకి చదునుగానే కనిపిస్తాయి, లోపల ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటాయి. ఆ పొలం పాతికేళ్లుగా చూసినవాళ్లని అడగండి, ఈ సంగతి ఏ పరీక్ష కంటే వాళ్లే బాగా చెప్తారు. పెద్ద చెట్టుంటే కనీసం అది ఎంత ఎత్తుందో అంత దూరం జరగడం మంచిది, ముఖ్యంగా రేగడిలో, ఎందుకంటే వేళ్లు ఒక పక్క తేమ లాగేస్తే ఆ పక్కే కుంగుతుంది.

తర్వాత గొయ్యి తీయాలి. ఒకటి సరిపోదు, ఎదురెదురు మూలల్లో రెండైనా కావాలి, పునాది అడుగు రావాల్సిన లోతు కంటే మూడు నాలుగడుగులు కిందికి పోవాలి. అడుగడుగుకీ గుప్పెడు మట్టి తీసి గోనెపట్టా మీద వరసగా పెట్టుకుంటే పొరలు ఎక్కడ మారుతున్నాయో కళ్లకు కనిపిస్తాయి. బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలుంటే ఏడాదిలో కొంతకాలం నీరు అక్కడిదాకా వస్తోందని అర్థం, మీరు తవ్విన రోజు గొయ్యి పొడిగా ఉన్నా సరే. రెండు గోతుల్లో వేర్వేరు మట్టి తగిలితే ఇంకా జాగ్రత్త. సగం గట్టి నేల మీద, సగం పూడ్చిన మట్టి మీద నిలిచిన గోడ ఆ రెండూ కలిసే చోటే చీలుతుంది.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన మాట. ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది, గట్టు విరిగి పడితే నడుం దాకా కూరుకున్న మనిషిని కూడా చేతులతో లాగలేం. నాలుగైదడుగులు దాటిన గోతిలోకి ఆసరా చెక్కలు కట్టకుండా ఎవర్నీ దింపకండి, మట్టి పైకి తీయించి అక్కడే చూడండి. తవ్విన మట్టిని అంచు మీదే కుప్ప పోయొద్దు. వాన పడ్డాక గోతి దగ్గరికే పోవద్దు. సాయంత్రం మూత వేయకుండా ఇంటికి రావద్దు, పశువులూ పిల్లలూ తిరిగే చోటు.

తీసిన మట్టిని కొంచెం తడిపి, బాగా పిసికి, బొటనవేలితో చూపుడువేలి మీద నుంచి పట్టీలా బయటికి తోయండి. అంగుళం లోపే తెగిపోతే ఇసుకపాలు ఎక్కువ, రెండంగుళాలు దాటి మెరుస్తూ సాగితే బంకమట్టి. ఉబ్బు సంగతి తేలాలంటే ల్యాబులో చేసే పరీక్ష కూడా సులువైనదే: సన్న జల్లెడ పట్టిన పొడి మట్టి 10 గ్రాముల చొప్పున కొలత గీతలున్న రెండు గాజు గొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల గీత దాకా పోసి, 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, కాబట్టి నీళ్లలోని మట్టి దానికంటే ఎంత పెరిగిందో అదే ఉబ్బు. సగానికి మించి పెరిగితే మామూలు రాతి పునాది ఆలోచన మానేసి ఇంజనీరుని పిలవండి. ఇలాంటి నేలల్లో సాధారణంగా మూడున్నర మీటర్ల దాకా దించి, అడుగున బుడగలా వెడల్పు చేసిన పైల్స్, అంటే నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు వేసి, వాటి మీద గోడను మోసే కాంక్రీటు దూలం (బీమ్) పోస్తారు.

రేగడి తీసేసి ఇసుక నింపేద్దాం అని చాలామంది అంటారు, నాకది అస్సలు నచ్చదు. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక ఉంటే ఆ కందకం తొట్టిలా మారి వాన నీళ్లన్నీ పునాది కిందే నిలబెడుతుంది. ఉబ్బని మొరం మట్టిని ఆరంగుళాల పొరలుగా పోసి, తగు మాత్రం తడి చేసి, ఒక్కో పొరనీ దిమ్మిస కొట్టడం నయం. కట్టాక కూడా రేకుల మీద నీళ్లు గోడ మొదట్లో పడకుండా తూములు పెట్టి, చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా చప్టా వేయించాలి.

ఆఖరి తవ్వకం, కాంక్రీటు ఒకే రోజు పెట్టుకోండి. తెరిచిన కందకం రేగడిలో రెండు ఎండలకే పగుళ్లిస్తుంది, ఒక్క వానకే అడుగు బురదవుతుంది. ఒకవేళ తడిస్తే, ఆరిపోయిందిలే అని దాని మీదే పోయించకండి, మెత్తబడ్డ పొరంతా చెక్కి, గునపం దిగకుండా ఖంగుమన్నాకే మేస్త్రీని పిలవండి.