తీగ గులాబీ తెగుళ్లు: ముందు ఆకు చూడండి, తర్వాతే మందు

ఆకు మీద నల్ల మచ్చలు, కింది నుంచి ఆకు రాలడం

మచ్చ అంచు చూడండి. కాగితం మీద సిరా పాకినట్టు పోగులు పోగులుగా ఉండి, చుట్టూ ఆకు పసుపెక్కితే అది నల్లమచ్చ తెగులే. ఆకు ఏడు గంటలు తడిగా ఉంటే చాలు, శిలీంద్రం (ఫంగస్) లోపలికి దిగుతుంది. మచ్చ మాత్రం కొన్ని రోజులకు గానీ బయటపడదు. ఇవాళ కనిపించే మచ్చ అంతకుముందెప్పుడో పట్టిన ముసురుది.

మచ్చపడ్డ ఆకు ఏ మందుకూ బాగుపడదు. దాన్ని తుంచి, రాలినవాటితో కలిపి పారేయండి. కంపోస్టులో మాత్రం వేయొద్దు. మిగిలిన ఆకులకు లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంద్రపు మందు కలిపి, అడుగువైపు కూడా తడిసేలా పిచికారీ చేయండి. వానలున్నన్నాళ్లూ 7–10 రోజులకోసారి కొట్టాలి. తెగులు ముదిరితే మధ్యలో ఒకసారి కార్బండజిమ్ అనే మరో శిలీంద్రపు మందు లీటరుకు 1 గ్రాము. దాన్నే వరుసగా కొడితే శిలీంద్రం తట్టుకోవడం నేర్చుకుంటుంది, ఆ తర్వాత పనిచేయదు.

నీళ్లు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గరే పోయండి. సాయంత్రం పైపుతో ఆకులు తడిపితే రాత్రంతా ఆరవు.

లేత ఆకులు, మొగ్గల మీద తెల్లటి పొడి

వేలితో తుడిస్తే పొడి అంటుకుంటే బూడిద తెగులు. పొడి లేకుండా ఆకు ముడుచుకుంటే తామర పురుగుల కోసం వెతకండి, శిలీంద్రపు మందు దండగ.

నల్లమచ్చకు తడి ఆకు కావాలి, దీనికి పొడి ఆకు కావాలి. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా, గాలిలో తేమతో ఉండే నవంబరు–ఫిబ్రవరి దీని కాలం. నీటిలో కలిసే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు, పది రోజుల తేడాతో రెండుసార్లు సరిపోతుంది. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం వద్దు, ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టి ఉంటే మూడు వారాలు ఆగండి. రెండూ కలిసినా ఆకు మాడుతుంది. యూరియా కూడా తగ్గించండి. మెత్తగా, ఏపుగా వచ్చిన చిగురే దీనికి మొదట దొరుకుతుంది.

కోసిన చోటు నుంచి కొమ్మ నల్లబడి కిందికి ఎండటం

ఎండుకొమ్మ తెగులు ఎక్కువగా కత్తిరింపు గాయంలోంచే ప్రవేశిస్తుంది. నలుపు ఆగిన చోటుకు రెండు అంగుళాల కింద, లోపల తెల్లగా కనిపించేదాకా కోయండి. కోతకోతకూ కత్తెరను స్పిరిటుతో తుడవాలి. గాయానికి వెంటనే బోర్డో పేస్టు రాయండి: 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి. అందులో ముంచిన ఇనుప బ్లేడు మీద ఎర్రటి పూత వస్తే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం కలపండి.

ఏటా తిరిగి వస్తుంటే

తప్పు చాలాసార్లు గోడ దగ్గరే ఉంటుంది. తీగ గోడకు ఆనుకుంటే వెనక గాలి ఆడదు. తీగ పాకే జాలీని గోడకు అరడుగు ఎడంగా బిగించండి. పొడవాటి కొమ్మలను విసనకర్రలా పరిచి, అడ్డంగా వంచి కట్టండి. పక్క చిగుళ్లు వచ్చి పూలూ పెరుగుతాయి. మొక్క మొదలు నుంచి అడుగున్నర ఎత్తు వరకు ఆకులు తీసేయండి, మట్టి చిందినా అంటదు.

మందు కొట్టేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. మందు పడిన పూలను గుల్కందుకు వాడొద్దు.