సెన్సర్ మారినా పడవ కోడ్ మారకుండా: రాస్ 2లో ప్లగిన్ ప్యాకేజీ కట్టే పద్ధతి

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో నీటిని కొలిచే పడవ రోబో చేస్తే ముందు తగిలే చిక్కు సెన్సర్లే. ఒక రైతు దగ్గర గాల్వానిక్ డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) ప్రోబు ఉంటే, పక్క గుంటలో ఆర్‌ఎస్-485 సీరియల్ కేబుల్‌తో కలిపే ఆప్టికల్ ప్రోబు ఉంటుంది. ఒక్కోదానికీ ప్రధాన ప్రోగ్రాంలో కోడ్ ఇరికించుకుంటూ పోవద్దు. అసలు ప్రధాన ప్రోగ్రాంకు ఏ సెన్సర్ పేరూ తెలియకూడదు. రోబో ప్రోగ్రాములు రాసుకునే రాస్ 2లో ఈ పని ప్లగిన్‌లిబ్ అనే లైబ్రరీ చేసిపెడుతుంది. ఒక్కో సెన్సర్ కోడ్‌ను విడి ప్లగిన్‌గా ఉంచితే, ప్రోగ్రాం నడిచేటప్పుడు దీని లోడర్ దాన్ని తెచ్చి కలుపుతుంది. కింది వివరాలు ఉబుంటు 22.04 మీద నడిచే రాస్ 2 హంబుల్ వెర్షన్‌కు.

ముందు, సెన్సర్ ప్లగిన్లన్నిటికీ ఉమ్మడి రూపమైన బేస్ క్లాసుకు విడిగా ఒక ప్యాకేజీ పెట్టండి. అందులో హెడర్ ఒక్కటే చాలు. ప్రారంభించడం, చదవడం, ఆపడం అనే మూడు వర్చువల్ ఫంక్షన్లు, ఒక వర్చువల్ డిస్ట్రక్టర్ రాయండి. లోడర్ ఆర్గ్యుమెంట్లు లేకుండానే ఆబ్జెక్టును తయారుచేస్తుంది కాబట్టి పోర్టు, బాడ్ రేటు వంటివి కన్‌స్ట్రక్టర్‌కు కాకుండా ప్రారంభ ఫంక్షన్‌కు ఇవ్వాలి. చదివే ఫంక్షన్‌కు నీటి ఉప్పదనం కూడా పంపండి. 28 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, అదే 20 పీపీటీ (వెయ్యికి 20 వంతుల ఉప్పు) నీళ్లలో 7 దగ్గరే ఆగిపోతుంది. ఈ సవరణ లేకపోతే గుంటలో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రైతు ఏరేటర్లు ఆపేది ఆ అంకెను నమ్మే.

ఇక ప్లగిన్ ప్యాకేజీ. క్లాసును షేర్డ్ లైబ్రరీగా బిల్డ్ చేసి, సీపీపీ ఫైలు చివర ఎక్స్‌పోర్ట్ మాక్రో పెట్టండి. ఎక్స్ఎంఎల్ ఫైల్లో లైబ్రరీ పేరు, క్లాసు, బేస్ క్లాసు రాయండి. బిల్డ్ సూచనలు రాసే సీమేక్‌ ఫైల్లో ఆ ఎక్స్ఎంఎల్‌ను నమోదు చేసే లైనులో మొదట రావాల్సింది బేస్ ప్యాకేజీ పేరు. చాలామంది సొంత ప్యాకేజీ పేరు ఇస్తారు. అప్పుడు బిల్డ్ చక్కగా అవుతుంది, రన్ చేస్తే మాత్రం అలాంటి క్లాసు లేదంటుంది. ఇన్‌స్టాల్ ఫోల్డర్లో ప్లగిన్ల నమోదు ఉండే అమెంట్ రిసోర్స్ ఇండెక్స్ తెరిచి, బేస్ పేరుతో మొదలయ్యే ప్లగిన్ ఫోల్డర్లో మీ ప్యాకేజీ పేరున ఫైలుందో లేదో చూడండి. ఉన్నా దొరకలేదంటే ఆ టెర్మినల్లో సెటప్ ఫైలు సోర్స్ చేయలేదన్నమాట.

క్లాసు కనిపించి లైబ్రరీ లోడ్ కాకపోతే, లైబ్రరీకి కావాల్సినవి దొరుకుతున్నాయో లేదో చూపే ఎల్‌డీడీ కమాండుకు 'ఆర్' ఆప్షన్ ఇచ్చి ఆ లైబ్రరీ మీద నడపండి. లింక్ చేయడం మరిచిన సీరియల్ లైబ్రరీయో, బాడీ రాయని ఫంక్షనో బయటపడుతుంది. ప్రోగ్రాం ఆపేటప్పుడు క్రాష్ అయితే లోడర్ ముందే పోయిందని అనుమానించండి. క్లాసులో లోడర్‌ను ముందు, సెన్సర్ పాయింటర్‌ను తర్వాత డిక్లేర్ చేస్తే సెన్సరే ముందు పోతుంది.

అన్నిటికంటే ప్రమాదం బేస్ హెడర్‌ను మార్చడం. మధ్యలో ఒక వర్చువల్ ఫంక్షన్ చేర్చి పాత ప్లగిన్‌ను అలాగే వదిలేస్తే, ఏ ఎర్రరూ రాకుండా ఒకదానికి బదులు ఇంకో ఫంక్షన్ నడవొచ్చు. మార్చక తప్పకపోతే వెర్షన్ పెంచి ప్లగిన్లన్నీ మళ్లీ బిల్డ్ చేయండి.

పంచడానికి బ్లూమ్ అనే టూల్‌తో డెబ్ ఫైలు (ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసే ఫైలు) చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో మామూలుగా చేసిన ఏఎండీ64 డెబ్ రాస్ప్‌బెర్రీ పైలో ఎక్కదు, దాని ప్రాసెసర్ రకమైన ఆర్మ్64కు విడిగా బిల్డ్ చేయాలి.

గుంటలో దింపేముందు, రికార్డు చేసిన అంకెలు ఇచ్చే ఉత్తుత్తి సెన్సర్ ప్లగిన్ ఒకటి రాసి పరీక్షించండి. తెల్లవారుజామున డీవో అడుగంటే రీడింగులు అందులో తప్పక ఉండాలి. కేబుల్ ఊడినట్టు నటించే ఆప్షన్ కూడా పెట్టండి. అప్పుడు చదివే ఫంక్షన్ జవాబు కోసం ఆగిపోకుండా, పాత అంకె మళ్లీ ఇవ్వకుండా, రీడింగ్ చెల్లదనే గుర్తుతో వెంటనే తిరిగి రావాలి.