హాస్పిటాలిటీ డిప్లొమా ఎలా చదవాలి: లాగ్ బుక్కులు దిద్దే మనిషి మాట

హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో చేరినవాళ్లు చాలామంది పుస్తకాన్ని పరీక్ష కోసం చదువుతారు, ప్రాక్టికల్ మార్కుల కోసం చేస్తారు, ట్రెయినింగ్‌కి సర్టిఫికెట్ కోసం వెళ్తారు. ఈ మూడూ ఎక్కడా కలవవు. నేనూ ఈ డిప్లొమా చేసే హోటల్ ఉద్యోగంలోకి వచ్చాను. ఇప్పుడు హౌస్‌కీపింగ్‌లో సూపర్‌వైజర్‌ని, ట్రెయినీల లాగ్ బుక్కులు (రోజూ చేసిన పని రాసుకునే పుస్తకాలు) చూసి సంతకం పెట్టేది నేనే. ఆ పుస్తకాలు తిరగేస్తే ఎవరికి పని వంటబడుతోందో ఇట్టే తెలిసిపోతుంది. క్లాసులో విన్న మాట డ్యూటీలో ఎక్కడ ఎదురైందో పట్టుకుని రాసినవాళ్లు వేగంగా ఎదుగుతారు. 'ఈ రోజు గదులు శుభ్రం చేశాం' అని ఒక లైను రాసి మూసేసేవాళ్లను చూస్తే నాకు చిరాకు కన్నా జాలే ఎక్కువ.

ఇంకా చేరనివాళ్లకు ఒక్క మాట. కాలేజీ బిల్డింగు, యూనిఫాం చూసి మురిసిపోకండి. వారంలో ప్రాక్టికల్ గంటలు ఎన్ని, ట్రెయినింగ్ కిచెన్‌లో ఒక్కో బర్నర్‌కి ఎంతమంది, ఇండస్ట్రియల్ ట్రెయినింగ్ (హోటల్‌కి వెళ్లి చేసే ట్రెయినింగ్) కోర్సులో భాగమేనా, ఈ డిప్లొమాతో తర్వాత డిగ్రీ రెండో ఏడాదిలో చేరే వీలుందా అని అడగండి. బ్రోషర్ చేతిలో పెట్టి పంపేస్తే ఆ కాలేజీ సంగతి అర్థమైనట్టే.

మొదటి ఏడాది చదువంతా నాలుగు డిపార్ట్‌మెంట్ల చుట్టూ తిరుగుతుంది: ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, ఫుడ్ ప్రొడక్షన్, ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్. నాలుగింటినీ ఒకేలా చదివితే కుదరదు. వంట, హౌస్‌కీపింగ్ చేతికి రావాలి. సర్వీస్ కాళ్లకు, భుజాలకు అలవాటవ్వాలి. ఫ్రంట్ ఆఫీస్ నోటికి రావాలి. కాస్టింగ్ (ఖర్చుల లెక్క) మాత్రం కాగితం మీద చేయాల్సిందే.

హౌస్‌కీపింగ్‌తో మొదలుపెడతాను. అది నా డిపార్ట్‌మెంట్ కాబట్టి కొంత, అందరూ తేలిగ్గా తీసుకునే సబ్జెక్ట్ కాబట్టి ఇంకొంత. గది శుభ్రం చేసే వరస పుస్తకంలో పదిహేను పాయింట్లుగా ఉంటుంది. దాన్ని బట్టీ పడితే వైవాలో మధ్యలో ఎక్కడో తెగిపోతుంది. ఒక్కో పాయింట్ అక్కడే ఎందుకుందో తెలుసుకుంటే వరస తప్పమన్నా తప్పదు. ముందు తలుపు తట్టి 'హౌస్‌కీపింగ్' అని చెప్పి, కాస్త ఆగి, మళ్లీ తడతాం, లోపల గెస్ట్ ఉండొచ్చు కాబట్టి. కర్టెన్లు ముందే తెరుస్తాం, వెలుతురులోనే మరక కనిపిస్తుంది. చెత్త, వాడిన దుప్పట్లు తీసేశాక బాత్రూంలో కెమికల్ చల్లి బయటికొచ్చి పక్క వేస్తాం. ఆ కెమికల్ పని చేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది మరి, చల్లిన వెంటనే తుడిస్తే దండగ. పక్క వేశాకే డస్టింగ్, దుప్పటి దులిపితే దుమ్ము లేస్తుంది కదా. డస్టింగ్ తలుపు దగ్గర మొదలై గదిని ఒక చుట్టు చుట్టి మళ్లీ తలుపు దగ్గరికే వస్తుంది, పైనుంచి కిందికి. వ్యాక్యూమ్ చివర్న, లోపలి మూల నుంచి వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా. ఇలా చదివితే పదిహేను పాయింట్లూ ఒకదాని వెంట ఒకటి వాటంతటవే వస్తాయి.

పక్క వేయడం మాత్రం చదివితే రాదు. ఇంట్లో మీ మంచం మీదే ప్రాక్టీస్ చేయండి. షీట్ పరిచి తలవైపు, కాళ్లవైపు పరుపు కిందికి మడవండి. ఇప్పుడు మూల దగ్గరికి రండి. మూల నుంచి సుమారు జానెడు దూరంలో, పక్కన వేలాడే షీట్ అంచును పట్టుకుని పైకెత్తి పరుపు మీద వేస్తే త్రికోణంలా పడుతుంది. కింద వేలాడే ముక్కను పరుపు కిందికి తోసేయండి. ఒక చేత్తో మూలను నొక్కి పట్టుకుని, రెండో చేత్తో త్రికోణాన్ని కిందికి లాగి దాన్నీ లోపలికి తోయండి. మడత 45 డిగ్రీల కోణంలో కత్తిరించినట్టు కనిపిస్తే అది మైటర్డ్ కార్నర్. అరచేయి కిందికి ఉంచి తోయండి, లేకపోతే వేలి కణుపులు మంచం చట్రానికి గీరుకుపోతాయి. ఒక పక్క మొత్తం పూర్తి చేశాకే రెండో పక్కకు వెళ్లండి. ఊరికే మంచం చుట్టూ తిరిగితే పోయేది మీ టైమే. 8 గంటల షిఫ్ట్ అంటే 480 నిమిషాలు. 14 గదులు, గదికి అరగంట చొప్పున 420 నిమిషాలు పోతాయి. మిగిలిన గంటలోనే ట్రాలీ సర్దుకోవాలి, లిఫ్ట్ కోసం ఆగాలి, భోజనం చేయాలి. ఈ లెక్క ఒకసారి వేసుకుంటే టైం అండ్ మోషన్ చాప్టర్ మళ్లీ చదవక్కర్లేదు.

ఫ్రంట్ ఆఫీస్‌లో గెస్ట్ సైకిల్ నాలుగు దశలు: రాకముందు, వచ్చినప్పుడు, ఉన్నప్పుడు, వెళ్లేటప్పుడు. ఇది అందరికీ వచ్చు. మార్కులు పోయేది రూమ్ స్టేటస్ దగ్గర. ఆక్యుపైడ్, వేకెంట్ డర్టీ, వేకెంట్ క్లీన్, అవుట్ ఆఫ్ ఆర్డర్, డీఎన్‌డీ (డూ నాట్ డిస్టర్బ్) అంటూ లిస్టు వల్లించడం కన్నా, రెండు డిపార్ట్‌మెంట్ల మాట కలవనప్పుడు ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి. కంప్యూటర్‌లో గది ఆక్యుపైడ్, హౌస్‌కీపింగ్ వెళ్లి చూస్తే ఖాళీ, సామాను లేదు. గెస్ట్ బిల్లు కట్టి వెళ్లిపోయినా ఫ్రంట్ ఆఫీస్ స్టేటస్ మార్చకపోతే దాన్ని స్లీపర్ అంటారు. బిల్లు ఎగ్గొట్టి వెళ్లిపోతే స్కిప్పర్. సామాను ఉంది, పక్క మాత్రం నలగలేదు, అది స్లీప్ అవుట్. ఇలాంటి కేసులు ఫ్రెండ్స్‌తో ఒకరినొకరు అడుగుతూ చదవండి. చెక్ ఇన్, ఫోన్ రిజర్వేషన్, కంప్లయింట్ ఇవి మూడూ పైకి మాట్లాడుతూనే ప్రాక్టీస్ చేయాలి, మనసులో అనుకుంటే లాభం లేదు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. ఎన్నిసార్లు 'అదీ... అంటే...' అన్నారో మీకే వినబడుతుంది. ఇంగ్లిష్ అనగానే చాలామందికి టెన్షన్. నిజానికి డెస్క్ మీద రోజూ వాడేవి కొన్ని పదుల వాక్యాలే. అవి తడుముకోకుండా వస్తే గ్రామర్ సంగతి మెల్లగా చూసుకోవచ్చు.

సర్వీస్‌కి పెద్దగా చెప్పాల్సింది లేదు, ట్రే మోయడమే అసలు పాఠం. బరువైనవి, పొడవైనవి ట్రే మధ్యలో, ఒంటికి దగ్గరగా. తేలికైనవి అంచులకు. ప్లాస్టిక్ గ్లాసుల్లో నీళ్లు నింపి ఇంట్లో గుమ్మాలు దాటుతూ నడవండి. ఎక్కించడం కన్నా దించడం కష్టం: ఒక పక్కవే వరసగా తీస్తే ట్రే రెండో పక్కకు ఒరిగిపోతుంది. టేబుల్ మీద ఒక మనిషి కవర్‌కు, అంటే ఒకరి కోసం ప్లేటు, స్పూన్లు సర్దే చోటుకు, సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు ఇస్తారు, కుడివైపు కత్తి, పదును ప్లేటు వైపు. సిల్వర్ సర్వీస్ (పళ్లెంలోంచి గెస్ట్ ప్లేటులోకి వడ్డించడం) ఎడమ నుంచి, డ్రింక్స్ కుడి నుంచి. ప్లేటులో వడ్డించి తెచ్చే భోజనం ఎటునుంచి పెట్టాలన్నది హోటల్‌ను బట్టి మారుతుంది. పరీక్షలో మీ సిలబస్ చెప్పింది రాయండి, డ్యూటీలో అక్కడి ఎస్‌ఓపీ (ఆ హోటల్ రాసిపెట్టుకున్న పని పద్ధతి) పాటించండి. 'మా కాలేజీలో ఇలా కాదు' అని రెస్టారెంట్ కెప్టెన్‌తో వాదించి బాగుపడినవాళ్లను నేను చూడలేదు.

కిచెన్‌లో కటింగ్ బోర్డు కింద తడిగుడ్డ పరిస్తే బోర్డు జారదు, అదే మొదటి పాఠం. జులియెన్, బ్రున్వాజ్ లాంటి కూరగాయల కట్‌ల పేర్లు బట్టీ పడతారు కానీ స్కేలు పెట్టి చూడరు. బ్రున్వాజ్ అంటే సుమారు 3 మిల్లీమీటర్ల ఘనం. మీ ముక్కను ఒకసారి కొలిచి చూడండి, నవ్వొస్తుంది. మదర్ సాసులు (మిగతా సాసులకు మూలమైనవి) ఐదింటినీ పేర్లతో కాకుండా తయారీతో గుర్తుపెట్టుకోండి. వెన్న, మైదా సమంగా వేయిస్తే వచ్చేదాన్ని 'రూ' (roux) అంటారు. అందులో పాలు పోస్తే బెషమెల్, తెల్ల స్టాక్ (ఎముకలు ఉడికించిన నీళ్లు) పోస్తే వెలూటే. రూని ఎర్రగా వేయించి బ్రౌన్ స్టాక్ పోస్తే ఎస్పన్యోల్. నాలుగోది టొమాటో. ఐదోది హాలండేజ్, దానికి రూ అక్కర్లేదు, గుడ్డు సొనే వెన్నను పట్టి ఉంచుతుంది. బెషమెల్‌లో చీజ్ కలిపితే మోర్నే. ఇక అక్కడి నుంచి మిగతావి అల్లుకోవచ్చు. ఫ్రెంచ్ షెఫ్ ఆగస్ట్ ఎస్కాఫియే పెట్టిన కిచెన్ బ్రిగేడ్ (వంటవాళ్ల హోదాల వరస) గురించి ప్రశ్న వస్తే హోదాల లిస్టు రాసి ఊరుకోకండి. పనిని సెక్షన్లుగా విడదీస్తే ఒకే ప్లేటులోని భాగాలు వేర్వేరు చేతుల్లో ఒకేసారి తయారవుతాయి, గెస్ట్ తక్కువసేపు ఎదురుచూస్తాడు. అసలు జవాబు అదే.

ఫుడ్ సేఫ్టీలో అంకెలు తప్పకూడదు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది (దేశాన్ని బట్టి ఈ హద్దులు కొద్దిగా మారతాయి, మీ సిలబస్‌లో ఉన్నవే రాయండి). పెద్ద గిన్నెడు సూపును అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, అందుకే వెడల్పాటి లోతులేని ట్రేల్లోకి మార్చి చల్లారుస్తారు. హాసప్ (HACCP, తిండి తయారీలో ప్రమాదాలను ముందే అదుపు చేసే పద్ధతి) ఏడు సూత్రాలు గుర్తుండకపోతే దాని పుట్టుక గుర్తుపెట్టుకోండి. 1960లలో అమెరికా వ్యోమగాముల తిండి కోసం మొదలైన పద్ధతి అది. అంతరిక్షంలో కడుపు చెడితే ఆస్పత్రి లేదు, కాబట్టి తయారయ్యాక పరీక్షించడం కాకుండా, తయారీలో తప్పు జరిగే చోటునే ముందుగా పట్టుకోవాలి. ఏడు సూత్రాలూ ఆ ఆలోచన నుంచే వచ్చాయి.

ఇక లెక్కలు. డిప్లొమా పేరులో మేనేజ్‌మెంట్ ఉన్నది వీటివల్లే, అందరూ పారిపోయేదీ వీటినుంచే. 100 గదుల హోటల్ రెండు ఊహించుకోండి. మొదటిదాంట్లో 70 గదులు సగటున 4,000 చొప్పున అమ్ముడయ్యాయి. రెండోదాంట్లో 90 గదులు 3,000 చొప్పున. ఆక్యుపెన్సీ (నిండిన గదుల శాతం) చూస్తే రెండోదే గొప్ప. మొత్తం గదులతో భాగించి చూడండి: మొదటిదానికి గదికి 2,800, రెండోదానికి 2,700. దీన్నే రెవ్‌పార్ (ఉన్న ఒక్కో గదికి వచ్చే ఆదాయం) అంటారు. పైగా రెండో హోటల్‌లో రోజుకు 20 గదులు అదనంగా శుభ్రం చేయాలి, అన్ని దుప్పట్లు ఉతకాలి. ఈ చివరి వాక్యం పరీక్షలో రాస్తే దిద్దేవాళ్లు కచ్చితంగా ఆగి చూస్తారు.

ఫుడ్ కాస్ట్ కూడా అంతే. సరుకు ఖర్చు 90, అమ్మే ధర 300 అయితే 30 శాతం. ఇక్కడ చాలామంది తొక్కలు, గింజలు మర్చిపోతారు. కిలో 40కి కొన్న కూరగాయను చెక్కు తీసి తరిగితే 800 గ్రాములే మిగిలితే, వాడుకునే కిలో ధర 50 పడుతుంది. ఇంట్లో వంట చేసేటప్పుడు తరిగే ముందు, తరిగాక తూకం వేసి చూడండి. యీల్డ్ (శుభ్రం చేశాక మిగిలే సరుకు) చాప్టర్ ఆ ఒక్క పూటతో అయిపోతుంది.

ఇండస్ట్రియల్ ట్రెయినింగ్‌కి వచ్చే ముందు మంచి బూట్లు కొనుక్కోండి, జారని అడుగు ఉన్నవి, ఇంట్లో కొన్ని రోజులు వేసుకుని నడిచినవి. మొదటి వారం కాళ్లు పీకేస్తాయి, అది అందరికీ ఉండేదే. కొన్ని చోట్ల ట్రెయినీలంటే ఫ్రీగా దొరికిన చేతులు అన్నట్టే చూస్తారు. గంటలకొద్దీ స్పూన్లు, ఫోర్కులు తుడిపిస్తారు. తుడవండి, కానీ తుడుస్తూ లెక్కపెట్టండి: రెస్టారెంట్‌లో ఎన్ని కవర్లు, ఒక్కో రకం ఎన్ని సెట్లు ఉంచుతున్నారు, ఎన్ని పోయాయి. పార్ స్టాక్ (ఎప్పుడూ ఉంచాల్సిన సామాను లెక్క) అంటే ఏమిటో మీ చేతిలోనే ఉంది. వారాలు గడిచినా అదే పని ఇస్తుంటే ట్రెయినింగ్ మేనేజర్ దగ్గరికి రొటేషన్ షెడ్యూల్ పట్టుకుని వెళ్లి మర్యాదగా అడగండి. అది మీ హక్కు, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

లాగ్ బుక్ ఏ రోజుది ఆ రోజే రాయండి. మూడు లైన్లు చాలు: చేసిన పని, చూసిన కొత్త విషయం, అర్థం కాని ప్రశ్న. మూడో లైను ఉన్న పుస్తకాన్ని నేను పక్కన పెట్టుకుని తీరిగ్గా చదువుతాను, ఆ ట్రెయినీని పిలిచి కూర్చోబెట్టుకుంటాను కూడా. వారం రోజులది ఒకేసారి ఒకే పెన్నుతో, ఒకే రకం రాతతో రాసుకొస్తే చూడగానే తెలుస్తుంది, ఎవరూ పైకి అనరంతే. వీలైతే చివరి వారాల్లో ఒక్కసారైనా నైట్ ఆడిట్ చూస్తానని అడగండి. ఆ రోజు రూమ్ చార్జీలు ఎక్కించడం, రెస్టారెంట్ బిల్లులు సరిచూడటం, రోజును మూసి కొత్త తేదీ తెరవడం అన్నీ అక్కడే జరుగుతాయి. పగలు నాలుగు డిపార్ట్‌మెంట్లలో విడివిడిగా చూసినవి ఆ రిపోర్ట్‌లో ఒకేచోట కనిపిస్తాయి.

ట్రెయినింగ్ అయిపోగానే అందరికీ బై చెప్పి పరుగెత్తకండి. ప్రతి డిపార్ట్‌మెంట్ నుంచి అప్రైజల్ ఫారం (మీ పని ఎలా ఉందో రాసే కాగితం) నింపించుకోండి. మిమ్మల్ని చూసిన సూపర్‌వైజర్ వేరే హోటల్‌కి మారిపోతే తర్వాత అది రాసేవాళ్లుండరు. సర్టిఫికెట్ మీద మీ పేరు స్పెల్లింగ్, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, సీలు చూసుకున్నాకే హెచ్‌ఆర్ రూమ్ నుంచి కదలండి. లాగ్ బుక్ కాలేజీలో ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి, అది తిరిగి చేతికొస్తుందన్న గ్యారంటీ లేదు.